ల్యాప్‌టాప్ చప్పుడెంతో పెట్టె మీద వేయించండి

భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) డైరెక్టర్ జనరల్ గారికి,



మన దేశంలో అమ్మే ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పి చూస్తే అడుగున సన్నటి అక్షరాల్లో మీ సంస్థ గుర్తు ఉంటుంది. దాని దగ్గరే ఐఎస్ అని మొదలయ్యే ప్రమాణం నంబరు, ఆర్ అక్షరంతో రిజిస్ట్రేషన్ నంబరు, ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, ఏ దేశంలో తయారైంది అన్నవి కనిపిస్తాయి. 2012లో ఎలక్ట్రానిక్స్, ఐటీ వస్తువులకు నిర్బంధ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు వచ్చాక ల్యాప్‌టాప్‌కు ఈ గుర్తు తప్పనిసరైంది. షాక్ కొట్టే సరుకు, మంట అంటుకునే సరుకు మన ఇళ్లలోకి రాకుండా అదొక కాపలా. ఆ కాపలా విలువ నాకు తెలుసు. కానీ అన్ని వివరాల మధ్యా ఒకటి మాత్రం లేదు. ఈ యంత్రం ఎంత చప్పుడు చేస్తుందో అడుగున ఉండదు, పెట్టె మీద ఉండదు, షాపులో తెర పక్కన అతికించే చీటీలోనూ ఉండదు.

ల్యాప్‌టాప్ చప్పుడు ఎన్ని డెసిబెల్సో పెట్టె మీద అచ్చువేసి తీరాలన్న నిబంధన తీసుకురమ్మని అడగడానికే ఈ లేఖ.

నాకు దీంతో ఉన్న సంబంధం ఏమిటో చెప్పాలి. చూపులేని విద్యార్థుల కోసం తెలుగు పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంటాను. స్టూడియో అంటూ ఏమీ లేదు. రాత్రిపూట, వీధి సద్దుమణిగాక, ఇంట్లోనే. తలుపులు మూసి, సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఫ్రిజ్ కూడా కట్టేసి మైకు ముందు కూర్చుంటే గదిలో ఇక మిగిలేది ల్యాప్‌టాప్ చప్పుడే. పేజీ సగం చదివేసరికి లోపలి ఫ్యాన్ లేస్తుంది. కాసేపు ఊది తగ్గుతుంది. మళ్లీ వాక్యం మధ్యలో లేస్తుంది. ఒకే తీరుగా మోగితే చెవి సర్దుకుంటుంది. ఇలా లేస్తూ పడుతూ ఉండేదానికి చెవి ఎప్పటికీ సర్దుకోదు.

రికార్డింగ్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌తో ఆ చప్పుడు తీసేయొచ్చు కదా అంటారు. తీయొచ్చు. కాకపోతే ఫ్యాన్ గాలి చప్పుడూ, మనం శ, ష, స, హ పలికేటప్పుడు నోటి నుంచి వచ్చే గాలి చప్పుడూ ఒకే జాతివి. మొదటిదాన్ని గట్టిగా తుడిస్తే రెండోదాని అంచులు కూడా తుడుచుకుపోతాయి. 'శకలం' అన్నది 'సకలం'లా వినిపిస్తుంది. ఖ, ఘ, థ, ధల్లోని ఒత్తు పలచబడుతుంది. పుస్తకం ఎదురుగా పెట్టుకుని వినేవాళ్లకు ఇదేం పెద్ద సంగతి కాదు. చెవితోనే అక్షరదోషాలు లేకుండా రాయడం నేర్చుకోవాల్సిన పిల్లకు ఆ తేడా ఒక్క ధ్వనిలోనే అందాలి. అది నేను ఇవ్వలేకపోతే ఆ పాఠం చదివిన ప్రయోజనం సగం పోయినట్టే.

నాది కాస్త ప్రత్యేకమైన అవసరం, ఒప్పుకుంటాను. కానీ ఒకే గదిలో ఒకరు పనిచేస్తుంటే ఇంకొకరు నిద్రపోయే ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు? అమెరికా కంపెనీల వేళలకు అర్ధరాత్రి దాకా కూర్చునేవాళ్ల పక్కనే పసిపిల్లలు పడుకుంటారు. హాస్టల్ గదిలో నలుగురు నాలుగు ల్యాప్‌టాప్‌లు తెరుస్తారు. వీళ్లంతా కొనేముందు తెలుసుకోవాల్సిన విషయమే ఇది.

కొలవడం కష్టమని ఎవరూ అనడానికి లేదు. ఐటీ పరికరాల చప్పుడు ఎలా కొలవాలో చెప్పే ఐఎస్ఓ 7779 ప్రమాణం 1988 నుంచి ఉంది. కొలిచినదాన్ని కొనుగోలుదారుకు ఏ రూపంలో ప్రకటించాలో ఐఎస్ఓ 9296 చెబుతుంది. జెనీవాలోని ఎక్మా సంస్థ అదే దారిలో 74, 109 నంబర్లతో ప్రమాణాలు రాసి ఎవరైనా ఉచితంగా దింపుకునేలా పెట్టింది. ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు ఎంత, పనిలో ఉన్నప్పుడు ఎంత అని రెండు స్థితుల్లో కొలుస్తారు.

పెద్ద కంపెనీల్లో చాలావి ఈ కొలతలు ఇప్పటికే తీసుకుంటున్నాయి కూడా. ఎక్మా 370 నమూనాలో మోడల్‌వారీగా పర్యావరణ ప్రకటన పత్రాలు తయారుచేసి, అందులో చప్పుడు అంకెలు రాసి, వెబ్‌సైట్లలో ఒక మూల ఉంచుతాయి. అంటే ఆ అంకె ఉంది. ప్రయోగశాలలో ఎవరో మైకులు పెట్టి కొలిచారు, కాగితం మీద రాశారు. షాపులో డబ్బు కట్టే మనిషి కళ్లబడే చోట మాత్రం లేదు. ఈ మొదటి విన్నపంలో కంపెనీలను కొత్త ఖర్చు పెట్టమనడం లేదు, చేతిలో ఉన్న అంకెను పెట్టె మీదికి తెమ్మంటున్నాను.

మిగతా వస్తువులకు ఈ పని ఎప్పుడో జరిగింది. యూరప్‌లో 2021 మార్చి నుంచి వచ్చిన కొత్త లేబుళ్లలో ఫ్రిజ్‌కూ వాషింగ్ మెషీన్‌కూ డెసిబెల్స్ అంకె, ఏ నుంచి డి దాకా ఒక తరగతి ముద్రిస్తున్నారు. జర్మనీలో 1978లో మొదలైన బ్లూ ఏంజెల్ గుర్తు కంప్యూటర్‌కు రావాలంటే పెట్టే షరతుల్లో చప్పుడు ఒకటి. మన దేశం ఈ విషయంలో చెవులు మూసుకుని కూర్చోలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దుగా పెట్టాయి. 1000 కేవీఏ దాకా సామర్థ్యమున్న డీజిల్ జనరేటర్ మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదన్నారు. వీధిలో యంత్రానికి హద్దు పెట్టిన దేశం, మొహానికి మూరెడు దూరంలో రోజంతా ఉండే యంత్రం గురించి కనీసం సమాచారమైనా ఇప్పించలేదా?

ఈ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో కొంచెం వివరంగా చెప్పుకుంటే నేను అడిగే అంకె ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. ప్రాసెసర్ వాడే కరెంటంతా చివరికి వేడే. ఆ వేడిని ఒక రాగి గొట్టం అంచుదాకా మోసుకెళ్తుంది. అక్కడ దగ్గర దగ్గరగా పేర్చిన పలచటి రేకుల వరస ఉంటుంది, దాన్నే హీట్‌సింక్ అంటారు. దాని గుండా గాలిని తోయడం ఫ్యాన్ పని. ఫ్యాన్ వేగం రెట్టింపు చేస్తే తోసే గాలి రెట్టింపే అవుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ ఎగబాకుతుంది. పది డెసిబెల్స్ పెరిగితేనే మన చెవికి ఇంచుమించు రెండింతలు అనిపిస్తుంది. కాబట్టి పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే పని జరుగుతుంది, చప్పుడు పెద్దగా రాదు. అదే పని చిన్న ఫ్యాన్ చేయాలంటే పరుగెత్తాలి, అరవాలి. ల్యాప్‌టాప్ ఎంత సన్నగా ఉంటే అంత గొప్ప అని ప్రకటనలు చెబుతూ వచ్చిన ఇన్నేళ్లలో ఫ్యాన్‌కు చోటు తగ్గుతూ వచ్చింది. ఆ సన్నదనానికి ధర చెవి కడుతోంది. ఎన్ని మిల్లీమీటర్ల మందమో పెద్దక్షరాల్లో వేసే కంపెనీ, దాని పక్కనే ఎన్ని డెసిబెల్సో వేస్తే కొనేవాడికి లెక్క సరిగ్గా కనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది. ఎంత గట్టిగా మోగుతోందన్నది ఒకటైతే, ఏ శ్రుతిలో మోగుతోందన్నది మరొకటి. 37 రెక్కలున్న ఫ్యాన్ నిమిషానికి 4,200 చుట్లు తిరిగిందనుకుందాం. సెకనుకు 2,590 సార్లు ఏదో ఒక రెక్క అదే చోట గాలిని కోస్తుంది, ఆ శ్రుతిలో సన్నటి కూత పుడుతుంది. మనిషి చెవి అన్నిటికన్నా చురుగ్గా వినేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యనే. గుక్కపట్టిన పిల్లాడి ఏడుపు మనకు అన్ని చప్పుళ్లలోనూ విడిగా వినపడేది అందుకే. 2012లో ఆపిల్ తన మ్యాక్‌బుక్ ప్రోలో ఫ్యాన్ రెక్కల మధ్య దూరాలను కావాలనే హెచ్చుతగ్గులుగా పెట్టింది. దాంతో కూత ఒక్క శ్రుతిలో నిలవకుండా పలు శ్రుతుల్లోకి పరుచుకుని మామూలు గాలి చప్పుడులా మారుతుంది. ఇలాంటి కీచును పట్టి కొలిచే పద్ధతి కూడా ఎక్మా ప్రమాణాల్లో ఉంది.

మా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే ల్యాప్‌టాప్ చప్పుడు ఎవరికి వినపడుతుంది అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. సీలింగ్ ఫ్యాన్‌ది మందమైన, కింది శ్రుతిలోని గాలి మోత. అది పై శ్రుతిలోని కూతను చాలాసార్లు కప్పలేదు. రెండూ కలిసే వినిపిస్తాయి.

తెలుగు నేల మీది ఎండను ప్రమాణాలు రాసేవాళ్లు లెక్కలోకి తీసుకోవాలన్నది నా రెండో విన్నపం. చిప్ నుంచి గాలిలోకి వేడి పోయే వేగం ఆ రెంటి మధ్య ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుంది. చిప్‌ను 80 డిగ్రీల దగ్గర ఆపాలనుకుందాం. 20 డిగ్రీల గదిలో తేడా 60. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గది 40 డిగ్రీలకు చేరితే తేడా 40 మాత్రమే. అంతే వేడిని బయటికి పంపాలంటే ఫ్యాన్ కనీసం ఒకటిన్నర రెట్లు వేగంగా తిరగాలి. ఆ ఒక్క కారణం చేత చప్పుడు సుమారు 9 డెసిబెల్స్ పెరుగుతుంది. చల్లటి గదిలో కొలిచి 'నిశ్శబ్దం' అని రాసిన ల్యాప్‌టాప్ మా ఇంటికొచ్చేసరికి మరో వస్తువైపోతుంది. ఏసీల స్టార్ రేటింగ్‌కు ఇంధన సామర్థ్య సంస్థ బయటి ఉష్ణోగ్రతను 24 నుంచి 43 డిగ్రీల దాకా లెక్కలోకి తీసుకుని మన వాతావరణానికి తగ్గ పద్ధతి పెట్టుకుంది. ల్యాప్‌టాప్‌కూ ఆ న్యాయం చేయండి. మామూలు గది అంకెతోపాటు 35 డిగ్రీల గదిలో అంకె కూడా అడగండి.

ఫ్యాన్ తీసేస్తే సరిపోతుందిగా అని కొందరంటారు. కంప్యూటర్ల చరిత్రలో ఆ దారిన వెళ్లి దెబ్బతిన్న కథ ఉంది. 1980లో వచ్చిన ఆపిల్ 3లో స్టీవ్ జాబ్స్ పట్టుదల వల్ల ఫ్యాన్ పెట్టలేదు. నిశ్శబ్దంగా ఉండాలన్న ఆయన కోరిక మంచిదే. అయితే లోపలి వేడి మాత్రం అలాగే ఉండిపోయింది. చిప్‌లు సాకెట్ల నుంచి వదులై యంత్రాలు మొరాయించాయి. నలభై ఏళ్లకు, 2020 నవంబరులో, అదే కంపెనీ ఎం1 చిప్‌తో ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చింది. ఈసారి నిలబడింది, ఎందుకంటే చిప్ వాడే కరెంటే తగ్గింది. విండోస్ వైపు 2022లో లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్13ఎస్ కూడా ఫ్యాన్ లేకుండానే వచ్చింది. చేయడం సాధ్యమని రుజువైంది. కొనేవాళ్లు అడుగుతున్నారని తెలిస్తే మిగతావాళ్లూ చేస్తారు. అడగాలంటే పోల్చడానికి అంకె కావాలి.

మీ నిబంధన వచ్చేదాకా కొనేవాళ్లు ఎదురుచూస్తూ కూర్చోలేరు. ఇది బహిరంగ లేఖ కనుక ఈ నాలుగు మాటలూ పాఠకులకు.

కొనేముందు ప్రాసెసర్ పేరు చివర అక్షరం చూడండి. ఇంటెల్‌లో యు అంటే సాధారణంగా 15 వాట్ల తరగతి, హెచ్ అంటే అంతకు మించినది, హెచ్‌ఎక్స్ అంటే 55 వాట్లు. టైపింగ్, బ్రౌజింగ్, వీడియో కాల్స్ మాత్రమే చేసేవారికి హెచ్ తరగతి దండగ, చప్పుడు అదనం. అలాగని యు అని ఉంటే నిశ్చింత అనుకోవద్దు. 15 వాట్లని చెప్పే ఐ5-1235యు కొద్దిసేపు 55 వాట్ల దాకా వెళ్లడానికి ఇంటెల్ అనుమతిస్తుంది. మీరు ఏదైనా తెరిచిన క్షణంలో ఫ్యాన్ ఒక్కసారిగా లేవడానికి కారణం ఇదే. విడి గ్రాఫిక్స్ చిప్ అవసరం లేకపోతే వద్దనండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లు పూర్తి వేగంలో 50 డెసిబెల్స్ దాటడం మామూలే. షాపు మోతలో ఏమీ వినపడదు కనుక డెమో పీస్ దగ్గర చెవి పెట్టి లాభం లేదు. కొలతలతో సహా సమీక్షలు రాసేవాళ్లను చదవండి, ఏ ఉష్ణోగ్రతలో కొలిచారో కూడా చూడండి.

ఇప్పటికే ఉన్నదాన్ని శాంతింపజేయడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ను 'బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీ'కి మార్చండి. కంపెనీ ఇచ్చిన యాప్‌లో క్వైట్ అనో విస్పర్ అనో ఉండే మోడ్ పెట్టండి. పాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ కనిపిస్తే 'మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్'ను 100 నుంచి 99కి దించండి. ఆ ఒక్క శాతంతో ప్రాసెసర్ టర్బో వేగానికి వెళ్లడం మానేస్తుంది. రాతకోతల్లో తేడా తెలియదు, ఫ్యాన్ మాత్రం కుదుటపడుతుంది. నా రికార్డింగులకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చిన చిట్కా ఇదే. దీనితోపాటు చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపితే ఇంకా మెరుగు. పరుపు మీద, దిండు మీద పెట్టకండి, చాలావాటికి గాలి పీల్చే కన్నాలు అడుగునే ఉంటాయి. వెనకవైపు ఒక అంగుళం ఎత్తు పెడితే చాలు. పాత ల్యాప్‌టాప్‌లో తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, డిస్క్ టకటకలూ గుయ్యిమనే మోతా ఒకేసారి పోతాయి.

ఏళ్ల తరబడి విప్పనిదైతే ఒకసారి తెలిసినవాళ్ల చేత విప్పించి చూడండి. ఫ్యాన్ రెక్కల మీద కనిపించే దుమ్ము కాదు అసలు శత్రువు. ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య సందులో నూలు పోగులు, వెంట్రుకలు, దుమ్ము కలిసి కంబళి ముక్కలా అట్టకట్టి ఉంటాయి. బయటినుంచి బ్లోయర్ కొట్టినా అది కదలదు. నాలుగు స్క్రూలు విప్పి ఫ్యాన్ పైకెత్తి, పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా వస్తుంది. గాలి కొట్టేటప్పుడు రెక్కలు గిర్రున తిరగకుండా వేలుతో పట్టుకోవాలి, లేకపోతే బేరింగు పాడవుతుంది. చిప్‌కూ రాగి గొట్టానికీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయిస్తే సగం పని అయినట్టే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఇది రోజువారీ పని. ఇంత చేసినా చార్జింగ్ పెట్టినప్పుడు సన్నగా ఈల వినిపిస్తుంటే అది ఫ్యాన్‌ది కాదు, లోపలి కాయిల్స్ కరెంటుకు కంపించే చప్పుడు. శుభ్రం చేస్తే పోదు. కొత్తదైతే వారంటీలో మార్చమని అడగండి.

డైరెక్టర్ జనరల్ గారూ, ఇన్ని చిట్కాలు కొనేవాళ్లే వెతుక్కోవాల్సి రావడం సరికాదని నా గట్టి అభిప్రాయం. నిర్బంధ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు ఇచ్చేది కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ అని నాకు తెలుసు. ప్రమాణం రాయాల్సింది, అమలు చూడాల్సింది మాత్రం మీరు. హద్దు పెట్టమని కూడా ఇప్పుడే అడగడం లేదు. ఊరికే ఉన్నప్పుడు ఎంత, పూర్తి పనిలో ఎంత, 35 డిగ్రీల గదిలో ఎంత అన్న మూడు అంకెలు, కీచు శ్రుతి ఉందో లేదో చెప్పే ఒక్క మాట పెట్టె మీదా, ఆన్‌లైన్‌లో అమ్మే పేజీలోనూ ధర పక్కనే ఉండాలి. మొదటి ఏడాది స్వచ్ఛందంగా పెట్టి, తర్వాత తప్పనిసరి చేసినా సరే.

ముసాయిదా బయటపెట్టండి. అభిప్రాయాలు పంపమన్న రోజున కొలతలతో సహా రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఈ లేఖ చదివినవాళ్లు కూడా మీకు రాయాలనీ, ఈసారి ల్యాప్‌టాప్ కొనేటప్పుడు 'డెసిబెల్స్ ఎన్ని?' అని షాపులో అడగాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
పాఠాలు చదివి వినిపించే ఒక వినియోగదారు